గానుగపిండిలోని గరళము

గడచిన వర్షాకాలమున నంగునూరులోని మా యింట జరిగిన సంగతి యిది. బర్రెకై కొనితెచ్చిన వేరుసెనగ తెలకపిండి బస్తా చెమ్మ తగిలి యొకప్రక్క పచ్చని బూజు పట్టెను. వెల పెట్టి కొన్న వస్తువును పారవేయుటకు మనసొప్పలేదు. “ఎండబెట్టి పెట్టిన నేమగును? పాలు కాచియే గదా త్రాగుదుము” అని తలచి యట్లే పెట్టితిమి, ఆ పాలే మా చిన్నవానికి పోసితిమి. పిమ్మట పశువైద్యులు చెప్పగా మా పొరపాటు తెలిసి గుండె గుభిల్లుమన్నది. మఱియొక తల్లి యిట్లు మోసపోకుండుటకై యీ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

నూనె తీయగా మిగిలిన పిండి పశువులకు మంచి బలము. కాని యందలి దోషములన్నియు నొక్క జాతివి కావు. ఒకటి వేడికి లొంగును, ఒకటి యినుమునకు లొంగును, ఒకటి మన చేతనున్న దేనికిని లొంగదు. కావున పిండి యేదో యెఱిగి పరిహార మెంచవలెను.

మా ప్రాంతమున పత్తి విస్తారము. పత్తిగింజలలో గాసిపాల్ అను పసుపువన్నె పదార్థము కలదు. గింజలను ఆవిరిపై ఉడికించి నూనె తీసినచో నందు చాలభాగము మాంసకృత్తులతో పెనవేసికొని యడగును; వేడి మితిమీరిన పిండి సారమే తగ్గును. నెమరువేయు పెద్ద పశువు కొంతవఱ కోర్చుకొనును. లేగదూడకును కోడికిని ఆ శక్తి లేదు. దాణా కర్మాగారములలో కోళ్లమేతకు అన్నభేదిని చేర్చుట కలదు. అందలి యినుము గాసిపాలును బంధించును. ఆ పాళ్లు ఇంట ఊహించి కలుపదగినవి కావు. దూడలకు పత్తిచెక్క పెట్టకుండుటయే మేలు.

ఆముదపు పిండిలోని రిసిన్ ఘోరవిషము. వేడికి చెడునుగాని, మన పొయ్యిపై పూర్తిగా చెడినదో లేదో తెలియు నుపాయము లేదు. అది చేనికి ఎరువుగానే పోవలెను. దాని బస్తా దాణా గదిలో నుండరాదు.

ఇక వేరుసెనగ. 1960లో ఇంగ్లండున సుమారు లక్ష టర్కీకోళ్లు మరణించెను. వెదకగా, మేతలో కలిపిన బ్రెజిలు దేశపు వేరుసెనగ పిండికి పట్టిన బూజే కారణమని తేలినది. ఆ బూజు పుట్టించు విషమే అఫ్లాటాక్సిన్, కాలేయమునకు చేటు. ఎండకు బూజు చచ్చినను విషము నిలుచును. పశువు తిన్న మఱునాటికే అందొక అంశము రూపుమారి పాలలో దిగును. పాలు కాచినను పోదు. కిలో పాలలో అది అర మైక్రోగ్రామునకు మించరాదని మన దేశపు నియమము. అమ్మోనియాతో శుద్ధిచేయు పద్ధతి కలదు గాని యది కర్మాగారములది, గృహిణులది కాదు.

ఊరట యొక్కటే: ఆ మేత మానిన మూడు నాలుగు దినములలో పాలు తేటపడును. మేము బస్తాను గోతిలో పూడ్చితిమి. నాటినుండి నెలకు సరిపడునంతయే కొని, బల్లపై గోడకు తగులకుండ నుంచుచున్నాము; ముక్కవాసన వచ్చినదానిని ముట్టము.

సోదరీమణులారా, బిడ్డకు పోయు పాలను దాలిపై గాక, ముందు పశువుల తొట్టియందే కాపాడుకొనవలెను.