కొమ్ముల కొలతల్లో మొనగాళ్లు

అమెరికాలో తెల్లతోక జింకల్ని ఫారాల్లో పెంచుతారు. ధర పలికేది కొమ్ములకే, మాంసానిది ఆ తరువాతి లెక్క. ఒక్కో శాఖ పొడవు, చుట్టుకొలత, రెండు కొమ్ముల మధ్య ఎడం టేపుతో కొలిచి, కూడి, అంగుళాల్లో మార్కులు వేస్తారు.

పొందికలో ఛాంపియన్: 1993లో కెనడాలోని సస్కాచెవాన్‌లో వేటకు చిక్కిన మగజింక. మార్కులు 213⅝. ఈ పోటీలో కుడి, ఎడమ కొమ్ములు సరిజోడుగా ఉండాలి. ఎంత తేడా వస్తే అంత కోత!

వంకరలో ఛాంపియన్: 1981లో మిస్సోరీలో చచ్చి పడి ఉండగా దొరికిన జింక. మార్కులు ఏకంగా 333⅞. ఇక్కడ అడ్డదిడ్డంగా మొలిచిన ప్రతి శాఖా లాభమే.

ఫారం జింకలు ఈ రెండింటినీ మించిపోయాయి. 500 మార్కులు దాటినవీ ఉన్నాయి. అంటే ఒక్క తల మీద 12 మీటర్లకు పైగా కొలత! పెంపకందార్లలోనూ రెండు పార్టీలు. వెడల్పుగా, నున్నగా, లెక్కగా ఉండాలని ఒకరు. కిందికి వేలాడే శాఖలు, గుత్తులు గుత్తులుగా మొలకలు కావాలని ఇంకొకరు. అయితే అడవి జింకల రికార్డులు రాసే బూన్ అండ్ క్రాకెట్ క్లబ్బు ఫారం కొమ్ముల్ని పుస్తకంలోకి రానివ్వదు. సబబే. ఏరి ఏరి జతకట్టించి, దాణా పెట్టి పెంచినదానికీ అడవిలో బతికి గెలిచినదానికీ పోటీ ఏమిటి?

వేగంలో మొనగాడు కూడా జింక కొమ్మే. పాలిచ్చే జంతువుల్లో ఇంత జోరుగా పెరిగే ఎముక మరొకటి లేదు. పెద్ద జాతుల్లో అదను మీద రోజుకు రెండు సెంటీమీటర్లు! ఇంతా చేసి ఏడాదికోసారి రాలిపోతుంది.

వెడల్పులో ఆల్‌టైమ్ రారాజు ఐరిష్ ఎల్క్. అంతరించి వేల ఏళ్లయింది. కొమ్ముల కొస నుంచి కొసకు దాదాపు 3.65 మీటర్లు. ఆరడుగుల నులకమంచాలు రెండు బారుగా వేస్తే ఎంతో అంత.

మన శేషాచలం కొండల్లో దుప్పులూ కణుజులూ ఉన్నా ఈ పోటీలు కుదరవు. 1972 వన్యప్రాణి చట్టం ప్రకారం వాటి కొమ్ములతో వ్యాపారం నేరం. మన సరదా అంతా పశువుల మీదే.

పశువుల్లో పొడవు కొమ్ముల వీరుడు అమెరికాలోని అలబామా ఎద్దు పాంచో వియా. 2019లో కొలిస్తే కొస నుంచి కొసకు 3.24 మీటర్లు. లావులో మాత్రం దాన్ని మించింది అంకోలే వటూసి జాతి ఎద్దు లర్చ్. 2003లో దాని కొమ్ము చుట్టుకొలత 95.25 సెంటీమీటర్లు! ఈ ఇద్దరినీ పొడవులో తలదన్నింది ఓ అడవి గేదె జాతి పోతు. 1955లో వేటాడిన దాని కొమ్ములు ఒక కొస నుంచి నుదుటి మీదుగా రెండో కొస దాకా 4.24 మీటర్లు.

మరి కురచ కొమ్ముల రాజసం చూడాలంటే? ఒంగోలు గిత్త! కొండంత మూపురం, మొద్దుబారిన పొట్టి కొమ్ములు. ఈ జాతే బ్రెజిల్ వెళ్లి నెలోర్ అయింది, నెల్లూరు పేరు మీదే. బ్రెజిల్ వాళ్లు ఇంకో అడుగు ముందుకేసి కొమ్ముల్లేని బోడి నెలోర్‌నే తయారుచేశారు. ఆ నెలోర్ జాతిదే వియాటినా-19 అనే ఆవు. బరువు 1,101 కిలోలు. 2023 వేలంలో మూడో వంతు వాటాకు పలికిన రేటును బట్టి మొత్తం విలువ 40 లక్షల డాలర్లు దాటింది. అప్పటికి ప్రపంచంలోనే ఖరీదైన ఆవు!

బుల్లి కొమ్ముల కిరీటం ఉమ్మడి చిత్తూరు జిల్లాకే. పుంగనూరు ఆవు ఎత్తు 70 నుంచి 90 సెంటీమీటర్లు, బరువు వియాటినాలో అయిదో వంతు కూడా ఉండదు. నెలవంకలా వంగిన చిన్న కొమ్ములు. వాటిలో చాలావరకు వదులుగా ఉండి, చేత్తో పట్టుకుంటే కదులుతాయి కూడా!