సీమ మిఠాయి – పంక్తి మర్యాద

దూరప్రయాణము చేసి వచ్చినవారు చుట్టుప్రక్కలవారికి ఏదో యొకటి తెచ్చి పంచుట మనకు తరతరాలుగా వచ్చుచున్న ఆచారము. కాశికి పోయి వచ్చినవాడు గంగాజలమును, కాశీదారములను తెచ్చి, గంగపూజ చేసి, బంధుమిత్రులకు సంతర్పణ చేసినగాని యాత్ర సంపూర్ణమైనట్లు మన పెద్దలు భావింపలేదు. తిరుపతినుండి వచ్చినవాడు లడ్డూను చిదిపి, ఇంటివారికే గాక ఇరుగుపొరుగులకును, పనిచేయుచోటి తోటివారికిని తలకొక పలుకు చొప్పున పెట్టును. ఆ పలుకు ఎంత చిన్నదని ఎవరును కొలువరు. తమవరకు రాకపోయినచో మాత్రము నొచ్చుకొందురు. కానుకకు సంబంధించిన ధర్మమంతయు ఈ చిన్న సంగతిలో ఇమిడియున్నది.

నేడు యాత్రాస్థలములు మారినవి. హైదరాబాదులోని తార్నాక పరిసరములనే చూడుడు. 1918లో స్థాపితమైన ఉస్మానియా విశ్వవిద్యాలయము, 1958లో కేంద్ర ఆంగ్లసంస్థగా ప్రారంభమై నేడు ఇంగ్లీషు మరియు విదేశీభాషల విశ్వవిద్యాలయముగా పెరిగిన విద్యాలయము, అదే సంవత్సరమున కూనూరునుండి తరలివచ్చిన పోషకాహార పరిశోధనాలయము, రసాయన, భూభౌతిక, జీవకణ శాస్త్రముల జాతీయ సంస్థలు – ఇవి యన్నియు కాలినడకకు అందునంత దూరములోనే ఉన్నవి. ఈ సంస్థలనుండి సదస్సుకో, పరిశోధనకో, పిల్లలను చూచివచ్చుటకో బ్రిటనుకు పోయివచ్చువారు ఏటేట అనేకులు. 'తార్' అనగా తీగ, 'నాకా' అనగా కాపలాస్థలము. ఈ రెండును కలిసి తార్నాక అను పేరు వచ్చినదని ఒక ప్రతీతి. ఆ తీగయు కాపలాయు ఎప్పుడో పోయినవి గాని, సీమనుండి వచ్చినవారిని "ఏమి తెచ్చినారండీ?" అని ఆపి అడుగు సుంకపు ఠాణా మాత్రము ప్రతి అధ్యాపకుల గదిలోను ఇప్పటికిని ఉన్నది.

వారు సాధారణముగా తెచ్చునది చాకొలెట్టు. కాని ఈ వస్తువు మనకు క్రొత్త గాదు. క్యాడ్బరీ కంపెనీ భారతదేశమున 1948లోనే అడుగిడినది. తార్నాక చౌరస్తాలోని చిన్న కిరాణా దుకాణములో సైతము డెయిరీ మిల్కు దొరకును. అట్లయినచో ఐదువేల మైళ్ళ దూరమునుండి దానిని మోసికొని వచ్చుట యెందులకు? రుచికొరకే యనుకొన్నచో సమాధానము చిక్కదు. పరాయి ఊరి అంగడిలో నిలుచున్నప్పుడు, "మన గదిలో ఎందరము ఉన్నాము?" అని అతడు వ్రేళ్ళమీద లెక్కించుకొన్న ఆ క్షణమే నిజమైన కానుక. మిఠాయి దానికి గుర్తు మాత్రమే. కనుకనే ఆ లెక్కలో ఎవరు చేరిరి, ఎవరు జారిపోయిరి అనునది ముఖ్యమగుచున్నది.

ఈ మిఠాయి చరిత్రలోనే ఇట్టి లెక్క యొకటి దాగియున్నది. ఆంగ్లదేశపు చాకొలెట్టు పరిశ్రమను పెంచిన మూడు ప్రసిద్ధ కుటుంబములు – బ్రిస్టలులోని ఫ్రై వారు, బర్మింగుహాములోని క్యాడ్బరీ వారు, యార్కులోని రౌంట్రీ వారు – క్వేకరులను మతశాఖకు చెందినవారు. రాజాదరణ గల చర్చికి లోబడనివారగుటచే, పందొమ్మిదవ శతాబ్ది నడిమివరకును ఆక్స్‌ఫర్డు, కేంబ్రిడ్జి పట్టములు వారికి అందలేదు. 1871 నాటి చట్టముతోగాని ఆ విద్యాలయములలో మతపరీక్షల అడ్డు చాలవరకు తొలగలేదు. పట్టములకు దూరమైనవారు వర్తకమునకు మరలిరి. మద్యపానమును నిరసించినవారు గనుక కోకో పానీయమును ప్రోత్సహించిరి. జాన్ క్యాడ్బరీ 1824లో తెరచిన దుకాణములో తేయాకు, కాఫీలతోపాటు త్రాగుటకు తగిన చాకొలెట్టును అమ్మెను. ఫ్రై వారు 1847లో చాకొలెట్టును కొరికి తినదగిన పలకగా పోతపోసిరి. 1879లో బోర్న్‌విల్లులో కర్మాగారమును నెలకొల్పిన క్యాడ్బరీ వారు 1905లో డెయిరీ మిల్కును వెలువరించిరి. విశ్వవిద్యాలయపు పంక్తినుండి లేపివేయబడినవారి చేతిమిఠాయి నేడు విశ్వవిద్యాలయములలో పంచిపెట్టబడుచున్నది. దానిని పంచువారైనను ఎవరిని పంక్తినుండి లేపుచున్నామో చూచుకొనవలదా?

'పంక్తిలో వలపక్షము కూడదు' అని మన పెద్దలమాట. ఒకరి విస్తరిలో నేయి ధారగాను, ప్రక్కవాని విస్తరిలో బొట్లుగాను వడ్డించుటకంటె, పిలువకుండుటయే మేలని వారు తలచిరి. అధ్యాపకుల గదిలో ఈ వలపక్షము మూడు విధముల కానవచ్చును.

మొదటిది లెక్కలో తప్పిపోవుట. ఇరువదిమంది అధ్యాపకులకు సరిపడు పెట్టెను తెచ్చి, గంటకొట్టు అటెండరును, గ్రంథాలయములో పుస్తకములు సర్దువానిని, గదులు ఊడ్చు ఆమెను మరచుట. రెండవది అంతరువు. శాఖాధిపతికి బంగారుకాగితము చుట్టిన పెద్దపెట్టె, తక్కినవారికి విడిబిళ్ళలు. ఇందులో మరియొక ప్రమాదము గలదు. పరిశోధన పర్యవేక్షకునికి విద్యార్థి విలువైన కానుక నిచ్చినచో అది గౌరవమో, ముడుపో చూచువారికి తెలియదు. కొంతకాలమునకు ఇచ్చినవానికిని తెలియదు. అందరికిని ఒకే డబ్బానుండి ఒకే విధముగా అందినప్పుడు ఈ సందేహమునకు తావుండదు. మూడవది, చేతికి అందియు నోటికి అందని వలపక్షము. ఇది తక్కిన రెంటికంటె సూక్ష్మమైనది.

ఒక కళాశాలలో కొన్ని సంవత్సరముల క్రిందట జరిగిన సంగతి నే నెరుగుదును. సీమనుండి వచ్చిన యువ అధ్యాపకుడు రంగురంగుల మెత్తని బిళ్ళలు తెచ్చి పంచెను. జన్మమున మాంసము ముట్టని సంస్కృతపండితులొకరు రెండు బిళ్ళలు చప్పరించి, "మన జీళ్ళకు చుట్టమువలె నున్నది" అని మెచ్చుకొనిరి. అంతలో పొట్లముపైని అక్షరములను చదువుచున్న మరియొకరు జెలటిన్ అను మాటవద్ద ఆగిపోయిరి. పశువుల చర్మమునుండియు, ఎముకలనుండియు తీయు పదార్థమది. గది నిశ్శబ్దమైపోయినది. పండితులు కోపింపలేదు, "తెలియక తిన్నదానికి దోషము లేదు లెండి నాయనా" అని లేచిపోయి నోరు పుక్కిలించి వచ్చిరి. కాని నాటినుండి ఎవరేమి తెచ్చి పెట్టినను, తిథి యేదైనను, "నేడు ఏకాదశి" అని చిరునవ్వుతో తప్పుకొనుచుండిరి. ఇచ్చినవాని మనసులో దోషము లేదు. చదువక కొనుటయే జరిగినది. ఆ చదువకపోవుటవలన ఒక పెద్దమనిషి ఆ పంక్తిలో మరల కూర్చుండలేదు.

కావున కొనుటకుముందు చదువవలెను. బ్రిటనులో చాల పొట్లములపై 'శాకాహారులకు తగినది' అని అచ్చువేయుదురు. అయితే అచటి శాకాహారమునకును మన శాకాహారమునకును భేదము గలదు. వారి లెక్కలో కోడిగ్రుడ్డు శాకాహారమున చేరవచ్చును. మన దేశపు నియమముల ప్రకారము గ్రుడ్డు చేరిన వస్తువుపై ఆకుపచ్చ చుక్క వేయరాదు. నూగా అనబడు మిఠాయిలో గ్రుడ్డు తెల్లసొన సాధారణముగా కలియును. ఎర్రరంగుకొరకు వాడు ఇ120 అనునది ఒకజాతి పురుగులనుండి తీసినది. కొన్ని ఖరీదైన చాకొలెట్టుల గర్భమున మద్యము పోసియుండును. జెలటిన్ పందిదైనను, మద్యము చుక్కయైనను మన ముస్లిము సోదరులకు నిషిద్ధము. ఉస్మానియా వంటి చోట, ఒకే బల్లచుట్టు అన్ని మతములవారును కూర్చుండి టీ త్రాగు గదిలో, ఈ నాలుగు పంక్తుల సన్నని అక్షరములు చదువుట చాదస్తము గాదు, మర్యాద.

తరువాతి విచారము ఎండ. చాకొలెట్టునకు ప్రాణమైన కోకోవెన్న దాదాపు ముప్పదినాలుగు డిగ్రీల సెంటిగ్రేడున కరగును. మన శరీరపు వేడికి కొంచెము తక్కువ. నోటిలో వేసికొనగనే కరగు ఆ సుఖమునకు కారణమిదియే. మే నెలలో నలుబది డిగ్రీలు దాటు హైదరాబాదులో కష్టమునకు కారణమును ఇదియే. శంషాబాదు విమానాశ్రయమునుండి తార్నాక చేరులోపల కారు వెనుకపెట్టెలో అది పాయసమగును. కరగి మరల గడ్డకట్టినదానిపై బూజువలె తెల్లనిపూత కనిపించును. అది బూజు గాదు. కోకోవెన్న ఆరు విధములైన స్ఫటికరూపములు దాల్చగలదు. క్రమము తప్పి గట్టిపడినప్పుడు క్రొవ్వు పైకి తేలి తెల్లబడును. తినిన హాని లేదు గాని, నిగనిగయు పెళుసుదనమును పోవును. రసాయనశాస్త్రపు ఉపాధ్యాయులు ఆ పలకను పారవేయక తరగతిలో చూపవచ్చును.

అందుచే వేసవిలో వచ్చువారు చాకొలెట్టునకే అంటిపెట్టుకొన నక్కరలేదు. స్కాట్లండువారి షార్ట్‌బ్రెడ్ అనునది పిండి, వెన్న, చక్కెరలతో చేసిన గుల్లబిస్కత్తు. మన నాన్‌ఖటాయికి దూరపుబంధువు. గ్రుడ్డు లేనిది విరివిగా దొరకును, ఎండకు కరగదు. కెండాలు పట్టణపు పుదీనాపలక చక్కెరను, పిప్పరమెంటు తైలమును కలిపి పోసినది. పందొమ్మిదవ శతాబ్దినుండి ప్రసిద్ధి. 1953లో ఎవరెస్టు నెక్కిన హిల్లరీ, టెన్సింగుల యాత్రలోను అది వెంట వెళ్ళినది. మన పటికబెల్లమువలె చిదిపి తలకొక పలుకు పంచవచ్చును. పిల్లలకు చెప్పుటకు ఒక కథయు దానితో వచ్చును. చలికాలమున చాకొలెట్టే తేదలచినచో, విడివిడిగా కాగితములు చుట్టిన కలగూర డబ్బా మేలు. హాలిఫాక్సులోని మ్యాకింటాషు వారు 1936లో ప్రారంభించిన క్వాలిటీ స్ట్రీటు అట్టిది. బల్లనడుమ పెట్టినచో ఎవరికి నచ్చినది వారు తీసికొందురు. జీడిపప్పు, బాదము జాతి గింజలు పడనివారు వానిని విడిచిపెట్టుదురు. పెద్ద పలక నొకదానిని విరచి పంచుటలో పెద్దముక్క ఎవరిదను చిక్కు గలదు.

చక్కెరవ్యాధి గలవారి సంగతి వేరుగా చెప్పవలెను. నడివయసు దాటిన అధ్యాపకుల గదిలో వారు లేని బల్ల అరుదు. "ఒక్కటే గదా, తినుడు" అని పట్టుపట్టుట ప్రేమ గాదు. తినువారు తిందురు, ఇంటి పిల్లలకని జేబులో వేసికొనువారు వేసికొందురు. పెట్టుటవరకే మన వంతు.

ఇక వెల. విద్యార్థివేతనముపై మూడునెలలకు సీమకు పోయిన పరిశోధక విద్యార్థి అప్పుచేసి పెట్టెలు నింపుకొని రావలెనని ఏ శాస్త్రమును చెప్పలేదు. కుచేలుడు ద్వారకకు కొనిపోయినది చినిగిన ఉత్తరీయపు కొంగున ముడివేసిన పిడికెడు అటుకులు. వానిని చూపుటకు సిగ్గుపడినవాడు కుచేలుడేగాని, పుచ్చుకొనుటకు శ్రీకృష్ణుడు సిగ్గుపడలేదు. చిన్నకానుక విషయమున వెనుకాడువారు తెచ్చువారే; అడుగువారు నేర్చుకొనవలసినది శ్రీకృష్ణుని తీరు. "ఏమి తెచ్చినావు?" అను ప్రశ్నకు ముందు "ఏమి నేర్చుకొని వచ్చినావు?" అని అడిగినచో ఆ విద్యార్థి మోము వేరుగా వెలుగును.

ఈ మర్యాద అటునుండి ఇటు మాత్రమే నడచునది గాదు. ఇటనుండి బ్రిటనుకు పోవువారును అచటి సహోద్యోగులకు ఏదో యొకటి తీసికొని పోవుదురు. పాలు, పాలవస్తువులను ఆ దేశమునకు తీసికొనిపోవుటపై నిర్బంధములు గలవు గనుక కోవామిఠాయిలు తగవు. నువ్వుజీళ్ళు, పల్లీపట్టి వంటివి దూరప్రయాణమునకు తట్టుకొనును. అయితే వేరుసెనగయు, నువ్వులును కొందరికి ప్రాణాంతకముగా పడవు. పొట్లముపై చేరిన దినుసులను స్పష్టముగా ఆంగ్లమున వ్రాసి అంటించుట మన వంతు. వారి అక్షరములను మనము చదివినట్లే మన అక్షరములను వారును చదువగలుగవలెను.

కోకోకాయలు కాచు తోటలు నేడు మన గోదావరి జిల్లాల కొబ్బరిచెట్ల నీడనే పెరుగుచున్నవి. సీమమిఠాయి యనునది ఇక ఏ సీమదో చెప్పుట కష్టము. పంచువాని చేతిలోని మర్యాద మాత్రము మనదిగానే ఉండవలెను. పెట్టె మూత తీసినవారు ముందుగా గుమ్మమువద్ద నిలిచియున్నవానివైపు చూడవలెను. అతడు లోపలికి వచ్చి, తనకు తగినది తానే ఎంచుకొని తీసికొన్నప్పుడే ఆ పంక్తి నిండినట్లు.