గోడ ఎక్కడ కట్టుకోవాలి?



2020 ఏప్రిల్ నెలాఖరు మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. గుడియాత్తం నుంచి పలమనేరు పోయే దారిలో, సైనగుంట దగ్గర, రోడ్డుకు అడ్డంగా గోడ లేచింది. పొన్నై వైపు దారిలోనూ అలాగే కట్టారు. ఆంధ్రా నుంచి వచ్చే వాహనాలను ఆపితే కరోనా ఆగుతుందని వేలూరు జిల్లా అధికారుల ఉద్దేశం. విమర్శలు రాగానే ఆ గోడలు తీసేశారు. చిత్తూరు జిల్లా రోగులెందరికో వేలూరు సి.ఎం.సి. ఆస్పత్రే దిక్కు కదా!

కాస్త ఆలోచించండి. ఆ గోడ బండిని ఆపగలదు. జబ్బును ఆపగలదా? కరోనా మనిషి ఊపిరితో వస్తుంది. జ్వరం, దగ్గు కనబడడానికి ఒకటి రెండు రోజుల ముందు నుంచే ఇతరులకు అంటుకోగలదు. అలాంటి జబ్బుకు అడ్డుగోడ మన అలవాట్లలోనే ఉండాలి.

మహమ్మారి కాలంలో పరిశోధకులు ప్రజలను మూడు సంగతులు అడుగుతారు. జబ్బు ఎలా వస్తుందో తెలుసా? జాగ్రత్తల మీద నమ్మకం ఉందా? వాటిని పాటిస్తున్నారా? తెలిసినవారంతా పాటిస్తారని లేదు. బడిలో రోజూ చూస్తుంటాను. భోజనానికి ముందు చేతులు ఎందుకు కడగాలి అంటే పిల్లలందరూ సరిగ్గానే రాస్తారు. మధ్యాహ్నం గంట కొట్టగానే కొళాయి దగ్గరికి వెళ్లేది ఏ నలుగురో. పెద్దలమూ అంతే!

మనకు అడ్డుపడేవి ఏమిటి? మొదటిది, కారణం తెలియకపోవడం. కరోనా వైరస్ చుట్టూ సన్నని కొవ్వు పొర ఉంటుంది. సబ్బు ఆ పొరను విడగొడుతుంది. అందుకు 20 సెకన్లయినా రుద్దాలి. ఊరికే నీళ్లు పోసుకుంటే చాలదు. అలాగే, మాస్కు గడ్డం కింద ఉంటే ముక్కుతో పీల్చే గాలికి అడ్డేముంది?

రెండవది భయం, సిగ్గు. జ్వరం వచ్చినవారిని వెలివేసినట్టు చూస్తే, రేపు మరొకరు జ్వరం దాచుకుంటారు. దాచిన జ్వరం ఇంటిల్లిపాదికీ పాకుతుంది. టీకా సంగతీ అంతే. మన దేశంలో 2021 జనవరి 16న టీకాలు మొదలైనప్పుడు, ఒకరోజు వచ్చే జ్వరానికే జంకినవారున్నారు. టీకా వేసుకున్నా జబ్బు రావచ్చు. కానీ ప్రాణం మీదికి రాకుండా చాలావరకు కాపాడుతుంది.

మూడవది, మన ఇళ్లు, మన పనులు. మగ్గం ఆడే ఇంట్లో, పదిమంది కూర్చుని బీడీలు చుట్టే చోట, 6 అడుగుల దూరం ఎక్కడిది? చోటు లేనప్పుడు గాలి అయినా ఆడాలి. తలుపులు, కిటికీలు తెరిచి ఉంచండి. గాలి మారుతుంటే అందులో తేలే సన్నని తుంపరలు పలచబడతాయి. ఇందుకు పైసా ఖర్చు లేదు.

2023 మే 5న ప్రపంచ ఆరోగ్య సంస్థ కరోనా అత్యవసర పరిస్థితి ముగిసిందని ప్రకటించింది. జబ్బు మాత్రం పూర్తిగా పోలేదు. మరో కొత్త జబ్బు రాదనీ చెప్పలేం. సరిహద్దులో ఉన్న మనకు తమిళంలో ఒక ప్రకటన, తెలుగులో ఒక ప్రకటన వినబడతాయి. రెండు రాష్ట్రాల నిబంధనలు వేరు కావచ్చు, జబ్బు వచ్చే దారి మాత్రం ఒకటే.

కనుక ఇంట్లో ఎవరికైనా దగ్గు, జ్వరం వస్తే దాచకండి. వారికి మాస్కు ఇవ్వండి, కిటికీ తెరవండి, అవ్వాతాతలను కాస్త ఎడంగా పడుకోబెట్టండి, ఆలస్యం చేయకుండా ఆస్పత్రిలో చూపించండి. ఈ గోడను ఎవరూ పడగొట్టనక్కరలేదు. దీనివల్ల ఎవరి దారీ మూసుకుపోదు.