అవ్వ దగ్గర మిగిలిన సగం పాట

పిల్లలూ, నలుగురు చేరినచోట "మీకు ఏ పాట ఇష్టం?" అని ఒక్కసారి అడిగి చూడండి. అంతవరకూ ముఖముఖాలు చూసుకోనివాళ్లు కూడా మాటల్లో పడతారు.

మొన్న నేను ఆత్మకూరులో ఉదయగిరి బస్సు ఎక్కాను. ముందు సీటులో ఒక అవ్వ, ఎనిమిదో తరగతి చదివే ఆమె మనవడు కూర్చుని ఉన్నారు. కుర్రవాడి చెవుల్లో ఇయర్‌ఫోన్లు ఉన్నాయి. పిల్లల్ని ప్రశ్నలడగటం నాకు పాత అలవాటు. "ఏం పాట వింటున్నావు నాయనా?" అన్నాను.

"నాటు నాటు!" అన్నాడు. కీరవాణి స్వరపరచి, చంద్రబోసు రాసిన ఆ పాటకు 2023లో ఆస్కార్ బహుమతి వచ్చిన సంగతి మీకు తెలిసే ఉంటుంది.

పక్క సీటులోని ఆమె, "ఎన్ని బహుమతులొచ్చినా మా బాలు పాటకు సాటిరావు," అన్నది. నెల్లూరు వాళ్లకు బాలసుబ్రహ్మణ్యం గారు ఎప్పుడూ "మా బాలు"యే! ఆయన తండ్రి సాంబమూర్తి గారు హరికథలు చెప్పేవారు. బాలు 1966లో సినిమాకు మొదటి పాట పాడి, 2020లో కన్నుమూశారు. ఈలోగా కండక్టరు టిక్కెట్లు ఆపి, ఘంటసాల తరపున వాదానికి దిగాడు.

అవ్వకు మాత్రం కుర్రవాడి మాట ఇంకోలా వినిపించింది. "నాట్లా? మేం ఏసినన్ని నాట్లు ఎవరేశారబ్బయా! పాడతానే ఏసేవాళ్లం," అన్నది. మనవడు పకపకా నవ్వాడు.

నేను వాడి ఫోనులో "రోజులు మారాయి" చిత్రంలోని ఏరువాక పాట పెట్టించాను. నాలుగు క్షణాలు విని అవ్వ, "ఇది మా వరస మాదిరే ఉందే!" అన్నది. ఆమె అన్నదాంట్లో తప్పు లేదు. 1955లో వచ్చిన ఆ పాటను కొసరాజు రాశారు, మాస్టర్ వేణు సంగీతం కూర్చారు, జిక్కి పాడింది. దాని బాణీ పల్లెపదాల బాణీయే. 1960లో ఎస్. డి. బర్మన్ ఆ వరసనే "బంబయి కా బాబు" అనే హిందీ చిత్రంలో వాడారు. చూశారా, పొలంగట్టు వరస ఎంతదూరం పోయిందో!

నాట్లు వేసేవాళ్లు బారుగా నిలబడి, వంగి, వెనక్కు వెనక్కు జరుగుతారు. ఒకరు ఆగితే బారు చెడుతుంది. పాట తాళం అందరి చేతుల్నీ ఒక్కటిగా ఆడిస్తుంది. ఒకరు ఎత్తుకుంటారు, మరొకరు అందుకుంటారు. ఆ సందులో మొదటివారు ఊపిరి తీసుకుంటారు.

అవ్వ సన్నగా ఒక చరణం పాడి ఆగిపోయింది.

"తరవాత?" అన్నాడు మనవడు.

"తరవాతది మా తోడికోడలు అందుకునేది. అది పోయి మూడేళ్లాయె. నా ముక్క నాకు, దాని ముక్క దానికి," అన్నది అవ్వ.

కుర్రవాడి నవ్వు ఆగిపోయింది. సినిమా పాట ఎవరు పోయినా రికార్డులో ఉంటుంది. ఈ పాటకు ఉన్న చోటు రెండు నోళ్లే, అందులో ఒకటి మూతపడింది. బిరుదురాజు రామరాజు గారు జానపద గేయాల మీద పరిశోధించి, ఉస్మానియా విశ్వవిద్యాలయంలో డాక్టరేటు పొందారు. అటువంటివారు ఎన్నో పాటలు సేకరించారు. కాని ప్రతి ఊరికీ, ప్రతి మడికీ వాళ్లు రాగలరా? ముప్ఫయ్యేళ్లు బడిలో ఉండి, "మీ అవ్వ ఏం పాడుతుంది?" అని నేను ఒక్క పిల్లవాణ్ణీ అడిగిన పాపాన పోలేదు.

కుర్రవాడు ఇయర్‌ఫోన్లు తీసి జేబులో పెట్టుకుని, అవ్వ పాటను ఫోనులోకి ఎక్కించాడు. బస్సు మోతకు మాటలు వినబడకపోతే మళ్లీ పాడించాడు. ఉదయగిరి కొండ కనబడేసరికి వాడికి ఏదో తోచింది.

"అవ్వా, చిన్నవ్వ కూతురు ఆత్మకూరులోనే గదా ఉండేది? ఆమెకేమన్నా వచ్చా?"

"వచ్చునేమోరా," అన్నది అవ్వ. "చిన్నప్పుడు వాళ్లమ్మ కొంగు పట్టుకుని మడికాడికి వచ్చేది."