నిమ్మగడ్డి – కొండపొలము లెక్క

ఒడిశా రాష్ట్రమందలి కోరాపుట్టు కొండలలో గిరిజన రైతులు తమ కొద్దిపాటి మెట్టభూములందు చోళ్ళు, సామలు, వలిసెలు తరతరాలుగా పండించుచున్నారు. ఈ సాగు పద్ధతిని ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ 2012లో ప్రపంచ ప్రాముఖ్యముగల వ్యవసాయ వారసత్వముగా గుర్తించినది. ఇట్టి కొండవాలులకు సుగంధపు పైరులును తగునని ఇటీవల ప్రోత్సాహము లభించుచున్నది. అందులకై కేంద్ర ప్రభుత్వ పరిశోధనా మండలి నడపు 'అరోమా మిషన్' యొక్క రెండవ దశ 2021లో ప్రారంభమైనది. ఈ పైరులలో ముఖ్యమైన నిమ్మగడ్డి చిన్న రైతునకు ఎంతవరకు లాభించునో మన విద్యార్థులు లెక్కవేసి గ్రహింపవలెనని మా కోరిక.

నిమ్మగడ్డిని ఒకసారి నాటినచో నాలుగైదేండ్లు నిలుచును. సుమారు మూడు నెలలకు మొదటి కోత వచ్చును. పశువులు దానిని అంతగా ముట్టవు. దాని వేళ్ళు వాలున మట్టిని పట్టియుంచును. ఆకులందలి నూనెలో సుమారు ముప్పాతిక వంతు సిట్రాల్ అను పదార్థము, నిమ్మవాసన దానిదే. ఈ నూనె సబ్బులకును, అత్తరులకును ఉపయోగపడును.

అయితే రైతు కోయునది గడ్డి. వర్తకుడు కొనునది నూనె. గడ్డిని బట్టీలో నింపి, నీటి ఆవిరి పట్టించి నూనెను తీయుదురు. నూరు కిలోల పచ్చిగడ్డికి వచ్చు నూనె రమారమి అరకిలో మాత్రమే. అనగా ఒక టన్ను గడ్డికి 5 కిలోలు. టన్ను బరువును కొండ దింపుట కష్టము; 5 కిలోల డబ్బాను సంతకు చేర్చుట సులభము. కనుక బట్టీ పొలమునకు చేరువలోనే యుండవలెను.

ఉదాహరణకు కిలో నూనె 1,000 రూపాయలనుకొందము. టన్ను గడ్డికి 5,000 రూపాయలు వచ్చును. కోతకూలి, మోత, కట్టెలు, బట్టీ అద్దె కలిసి 3,000 అయినచో మిగులునది 2,000. బట్టీవద్ద వంతు రాక, గడ్డి కుప్పలో కుళ్ళి, 4 కిలోల నూనెయే వచ్చినదనుకొందము. ఖర్చు తగ్గదు, మిగులు మాత్రము 1,000కు దిగును. నూనె తగ్గినది ఐదవ వంతే. లాభము తగ్గినది సగము! ధర ఐదవ వంతు పడినను ఫలితమిదియే. కర్మాగారములలో కృత్రిమముగా తయారగు సిట్రాల్ పోటీ కూడ నున్నందున ధర రైతు చేతిలో నుండదు.

రైతు చేతిలో నున్నవి వేరు. కొన్ని కుటుంబములు కూడి ఉమ్మడిగా బట్టీ పెట్టుకొనవచ్చును. వంతుల ప్రకారము కోయవచ్చును. కోసిన గడ్డిని ఒక పూట నీడను వాడ్చినచో బట్టీలో ఎక్కువ పట్టును, కట్టెలు ఆదాయగును. నూనె తీసిన పిప్పిని ఎండబెట్టినచో అదియే మరల పొయ్యిలోనికి వచ్చును. అడవి కొంత మిగులును. నూనెను మూత బిగించి చీకటిలో నుంచినచో కొంతకాలము నిలువయుండును గనుక తీసిననాడే అయినకాడికి అమ్ముకొన నక్కరలేదు.

ఒక హెచ్చరిక మాత్రము చేయుదుము. చోళ్ళు పండు చేనును దున్ని నిమ్మగడ్డి నాటరాదు. బీడునను, గట్లపైనను నాటుట మేలు. ధర పడిన యేడు నూనె ఆకలి తీర్చదు. గాదెలోని చోళ్ళే తీర్చును. తూకము చూచి, ఖర్చు వ్రాసి, మిగులు తేల్చగల బిడ్డ ఇంట నొక్కరున్నను ఆ కుటుంబము సంతలో మోసపోదు. బడిలో నేర్చిన కూడికలు, తీసివేతలు పనికివచ్చు చోటు అదియే.