కాఫీకి ముందు ఒక మాత్ర

ఫైళ్లు వ్రాసుకొనే గుమాస్తాకు వైద్యం సంగతులెందుకని చదువరులు నవ్వవచ్చును. నేను వైద్యం చెప్పబోవడం లేదు. మా ఇంట్లో రెండేళ్లపాటు జరిగిన పొరపాటు మరొక ఇంట్లో జరగకూడదని ఈ నాలుగు ముక్కలు వ్రాస్తున్నాను.

మేము మూడు తరాలుగా బరంపురంలో ఉంటున్నవాళ్లం. మా ఆవిడది శ్రీకాకుళం వైపు. ఆమెకు నలభై దగ్గరపడే వేళకు ఒంట్లో ఓపిక తగ్గింది. పొద్దున లేవలేకపోవడం, ఎండాకాలంలో కూడా ఫ్యాను వద్దనడం, జుట్టు రాలడం, ముఖం ఉబ్బడం, గొంతు బొంగురుపోవడం మొదలైనవి. తిండి పెరగలేదు గాని బరువు పెరిగింది. "కదలకుండా కూర్చుంటే పెరగదా?" అని వేళాకోళం చేసినవాణ్ణి నేనే. మా అమ్మ "వయసు మళ్లుతోంది కదరా" అన్నది.

ఆమెకు ఒడియా బజారు బేరాల వరకే వచ్చును. అందుచేత డాక్టరు దగ్గర మాట్లాడేది నేను. ఆమె నీరసమంటే నేను "దుర్బళ" అనేవాణ్ణి. ఆయన టానిక్కు, ఇనుము మాత్రలు వ్రాసేవారు. చలి, మలబద్ధకం, నెలసరి ఎక్కువ కావడం వేరువేరు బాధలనుకొని చెప్పనేలేదు. నెలసరి మాట నాతో చెప్పడానికే ఆమె మొహమాటపడింది. ఇక నేను ఆయనతో ఏం చెబుతాను?

చివరకు మా పేటలోకి తెలుగు వచ్చిన లేడీ డాక్టరుగారు వచ్చారు. నన్ను బయట కూర్చోబెట్టి ఆమెనే అన్నీ అడిగి, మెడ తడిమి చూసి, రక్తపరీక్ష వ్రాశారు. టి.ఎస్.హెచ్. 38 వచ్చింది. మామూలుగా నాలుగు, నాలుగున్నర దాటకూడదట. మెడ ముందుండే థైరాయిడ్ గ్రంథి మందగిస్తే, మెదడు కిందనున్న పిట్యూటరీ గ్రంథి "పని చెయ్యి" అని తాకీదులు ఎక్కువ పంపుతుంది. ఆ తాకీదే టి.ఎస్.హెచ్. కింది గుమాస్తా పని చేయకపోతే పైనుంచి మెమోలు పెరగవా? ఇదీ అంతే!

"అయోడిన్ ఉప్పే వాడుతున్నాం గదా, ఇదెలా వచ్చింది?" అన్నాను. ఆ ఉప్పు వెనుక మనవారొకరున్నారని అప్పుడే తెలిసింది. శ్రీకాకుళంలో పుట్టిన డాక్టరు వులిమిరి రామలింగస్వామిగారు, వారి సహచరులు 1956లో హిమాలయాల కాంగ్రా లోయలో పని ప్రారంభించి, అయోడిన్ చేర్చిన ఉప్పుతో గొంతువాపులు తగ్గుతాయని చూపించారు. 1962లో ప్రభుత్వం జాతీయ పథకం పెట్టింది. అయితే ఉప్పులో అయోడిన్ తగినంత ఉన్నచోట గ్రంథి మందగించడానికి ముఖ్య కారణం వేరు. శరీరంలోని రక్షణశక్తి పొరబడి సొంత గ్రంథినే దెబ్బతీస్తుంది. జపాను వైద్యుడు హషిమోటో 1912లో వర్ణించిన జబ్బు ఇదే. ఉప్పు మరికాస్త వేసుకుంటే ఇది నయం కాదు.

లెవోథైరాక్సిన్ మాత్ర మొదలుపెట్టాం. రెండు నెలలకు పరీక్షిస్తే 21. మోతాదు పెంచారు. మళ్లీ చూస్తే 17. డాక్టరుగారు కాగితం పక్కన పెట్టి, "అమ్మా, మాత్ర ఎలా వేసుకుంటున్నారు?" అని అడిగారు.

"కాఫీతోనండి. ఇనుము మాత్ర కూడా అప్పుడే. ఒక్కసారే అయిపోతుందని."

గుట్టంతా అక్కడే ఉంది. కాఫీ ఈ మందును ఒంటికి సరిగా పట్టనివ్వదు. ఇనుము, కాల్షియం మాత్రలు మరీ అడ్డు. ఇది పరగడుపున నీళ్లతో వేసుకొని, అరగంట నుంచి గంట ఆగి కాఫీ తాగాలి. ఇనుము, కాల్షియం నాలుగు గంటల ఎడంగా వేసుకోవాలి. మా ఇంట్లో కాఫీని గంటసేపు ఆపడం చిన్న సంగతి కాదు! ఇప్పుడామె లేవగానే మాత్ర వేసుకొని, వాకిలి చిమ్మి, ముగ్గు పెట్టి, అప్పుడు పొయ్యి వెలిగిస్తుంది. ఏడు వారాలకు టి.ఎస్.హెచ్. బాగా దిగి, పెంచిన మోతాదు మళ్లీ తగ్గించవలసి వచ్చింది.

మరి రెండు మాటలు. బాగుందని మాత్ర మానకండి, బాగున్నది మాత్ర వల్లనే. ఈ మందు వాడే కోడలు గర్భవతి అయితే వెంటనే డాక్టరుకు చెప్పండి, అప్పుడు మోతాదు పెంచవలసి వస్తుంది. అంకె కొంచెం ఎక్కువుంటే కంగారుపడక, డాక్టరు చెప్పిన గడువుకు మళ్లీ చూపించుకోండి. గుండెదడ, చేతివణుకు, బరువు తగ్గడం ఉంటే అది గ్రంథి అతిగా పనిచేసే జబ్బు కావచ్చును. దాని మందులు వేరు.

మొన్నటి వేసవిలో ఒకరాత్రి ఉక్కకు మెలకువ వచ్చింది. నేను లేవకముందే మా ఆవిడ లేచి ఫ్యాను రెండు నంబర్లు పెంచి పడుకున్నది.