ఇసుకలో దాగిన ఏరు

మాఘమాసంలో ఏటికి వరద వచ్చిందంటే మన ఉత్తరాంధ్ర రైతు నవ్వుతాడు. చలికాలంలో మన ఏళ్లు ఇసుకతిన్నెల మధ్య దారప్పోగులా సన్నగా పారుతుంటాయి. కాని ఇంగ్లండులో థేమ్సు ఒడ్డువారికి భయమంతా చలికాలంలోనే! 2014 జనవరి, ఫిబ్రవరి నెలల్లో ఆ నది గట్లు దాటి ఊళ్లమీద పడింది. 1766 నుంచీ వాన లెక్కలు రాసుకుంటున్న ఆ దేశం అంతకుముందెన్నడూ అంతటి వాన చలికాలం చూడలేదు. సముద్రపు పోటు నదికి ఎదురెక్కకుండా లండను దగ్గర కట్టిన పెద్ద తలుపులను ఆ ఒక్క రుతువులోనే 50 సార్లు మూయవలసి వచ్చింది.

కారణం తెలియనిదేమీ కాదు. అక్కడ చలికాలపు ఎండకు బలం లేదు. చెట్లకు ఆకులుండవు. నేల అప్పటికే తాగగలిగినంత తాగి వుంటుంది. ఆపైన కురిసిన వాన చాలావరకు ఏటిదారి పడుతుంది.

“మరి మన చంపావతి నీళ్లు చలికాలంలో ఎక్కడికి పోతాయి, మేస్టారూ?” అని మొన్న మా కాలేజీలో ఒక కుర్రవాడు అడిగాడు.

“కొంత కోనాడ దగ్గర సముద్రానికి పోయింది. కొంత నీ కాళ్లకిందే వుంది!” అన్నాను.

ఆండ్ర కొండల్లో పుట్టి గజపతినగరం, నెల్లిమర్లల మీదుగా సాగే చంపావతికి నిండుదనమంతా వానాకాలంలోనే. తుపానులు కూడా ఆ కాలం చివరికి కాచుకుని వుంటాయి. 2013 అక్టోబరు 12న ఫైలిన్, 2014లో సరిగ్గా అదే తేదీన హుద్‌హుద్, 2018 అక్టోబరు 11న తిత్లీ ఈ కళింగతీరం మీదనే విరుచుకుపడ్డాయి.

వరద పోతూపోతూ ఇసుకరేణువుల సందుల్లో నీరు దాచి పోతుంది. పైకి ఎండినట్లు కనిపించే ఏట్లో మూరెడు లోతు చెలమ తీస్తే తేటనీరు ఊరడం పల్లెపిల్లలకు కూడా తెలుసు. విజయనగరం పట్నానికి నెల్లిమర్ల నుంచి మంచినీరు అందించే ఊటబావులకు ఆధారం ఆ ఇసుకే. భీష్మ ఏకాదశికి మా రామతీర్థంలో రామయ్య కల్యాణం చూడవచ్చే వేలమంది దాహానికీ ఈ భూగర్భజలమే దిక్కు.

ఆ ఇసుకను బండ్లకూ లారీలకూ ఎత్తిపోస్తే ఏమవుతుంది? నీరు నిలిచే చోటు తరుగుతుంది, మట్టం దిగుతుంది, ఊటబావి వట్టిపోతుంది. మరుసటి ఏడు ఎంత వరద వచ్చినా దాచుకునే కుండ వుండదు.

చలికాలంలో థేమ్సువారు గట్టు ఎంత వుందో చూసుకుంటారు. మనం చూసుకోవలసింది ఏట్లో ఇసుక ఎంత మిగిలిందని!